మద్దెల లేని ఆట

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. మా కమెనిత్సా ఊరి ఆడవాళ్ళకు ఆ సాకు కూడా లేదు. మా ఆటలో మద్దెలే లేదు. పాట లేదు, వాద్యం లేదు, చప్పట్లు లేవు. పదిమందో పదిహేనుమందో చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతాం. మగవాళ్ళు అడుగు మొదలుపెడతారు, ఆ అడుగు ఎటు పోతుందో వాళ్ళ చేతి పట్టును బట్టి ఆడవాళ్ళు కనిపెట్టాలి. వినపడేదల్లా తోలు చెప్పులు నేలను కొట్టే మోత, మా గుండెల మీద కాసులపేర్ల గలగల. దీన్నే మూగ కోలో అంటాం. ఎందుకు మూగదైందని అడిగితే ఎవరి కథ వాళ్ళు చెబుతారు. టర్కీవాళ్ళ ఏలుబడిలో పాటను నిషేధించారని కొందరంటారు. వాయించేవాడికి పూట తిండి పెట్టే తాహతు మనకెప్పుడుందని మా నాయనమ్మ అనేది. నాకు నాయనమ్మ మాట మీదే గురి.

ఇప్పుడు చెప్పేది మా పక్కింటి పెర్కా సంగతి. నాకంటే మూడేళ్ళు పెద్ద, అరవై రెండు నిండాయి. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం రాతి గోడలు కట్టే మగవాళ్ళకుండేలాంటివి. చెవులు వినపడవు. ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే అంతా అర్థం చేసుకుంటుంది, చాటుగా ఒక మాట అనుకుందామన్నా వీలుండదు, చర్చిలో రెండు వరుసల అవతల గుసగుసలాడినా పట్టేస్తుంది. మా ఊళ్ళో చాలామంది చెవులున్నవాళ్ళకంటే ఆమెకే ఎక్కువ కబుర్లు తెలుసు.

పద్దెనిమిదో ఏట పట్నంలోని నూలు మిల్లులో చేరింది. పొద్దున నాలుగింటికి బస్సు, మూడింటికి తిరుగు బస్సు. చెవుల్లో ఉన్ని ఉండలు పెట్టుకుని పనిచేసేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు చేసింది. ముప్పై రెండో ఏటికే చెవులు పూర్తిగా పోయాయి, మిగతా పన్నెండేళ్ళూ ఉన్ని అవసరం లేకుండానే పనిచేసింది. తర్వాత మిల్లే మూతపడింది. దాని గురించి ఆమె ఏడవగా నేను చూడలేదు. ఎవరైనా అయ్యో పాపం అంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది.

ఆమె మొగుడు ఫ్రానే. వీళ్ళ పెళ్ళి కోలోలోనే కుదిరింది. పూర్వం మా దగ్గర మగవాడు పిల్లను నలుగురి ముందు కోలోలోకి తీసుకుని, కష్టమైన అడుగులు వేసి, ఆమె అందుకోగలదా లేదా అని పరీక్ష పెట్టేవాడు. తడబడితే ఊరంతా నవ్వేది. పెర్కాకు ఇరవై ఏళ్ళప్పుడు, పునీత రోకు పండగనాడు, ఫ్రానే ఆమె చెయ్యి పట్టుకుని మూడుసార్లు మెలిక అడుగు వేశాడు. మూడుసార్లూ పట్టేసింది. నాలుగోసారి తనే ఒక అడుగు వేసింది. ఫ్రానే చెప్పు ఒకటి ఊడి దుమ్ములో పడింది, దాని వెనకాలే ఫ్రానే కూడా పడ్డాడు. ఆ చలికాలమే పెళ్ళి చేసుకున్నారు. ఓడించినదాన్ని ఇంటికి తెచ్చుకుంటే మళ్ళీ బయట ఓడిపోయే పని ఉండదనుకున్నాడేమో.

మంచివాడే ఫ్రానే. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడ కడితే కొండల మీంచి విరుచుకుపడే బురా గాలికి కూడా కదలదు. కానీ మెడలో టై ఉన్న మనిషి ఎదురుపడితే నోట్లో నాలుక ఉండదు. మా ఆట బృందానికి పెద్ద అతనే. పెద్దరికం ఎందుకిచ్చామంటే తాళం చెవులు పోగొట్టడు కాబట్టి.

తొంభై ఒకటిలో యుద్ధం వచ్చి ఊరు వదిలి పారిపోయినప్పుడు ఎవరికి ముఖ్యమైంది వాళ్ళు పట్టుకుపోయారు. మేము టీవీ తెచ్చాం, దాన్ని పెట్టడానికి ఇల్లు లేదు. పెర్కా ఆగస్టు ఎండలో కోలో బట్టలన్నీ ఒంటి మీద వేసుకుని ట్రాక్టరెక్కింది, ఉన్ని కోటు, ఎర్ర టోపీ, కాసులపేరుతో సహా. సముద్రపు ఒడ్డున ఖాళీ హోటల్లో మమ్మల్ని నాలుగేళ్ళు ఉంచారు. ఆదివారాలు ఆ హోటల్ కార్లు నిలిపే చోట కోలో ఆడేవాళ్ళం, ఆమె లాక్కొచ్చేది కాబట్టి. ఒకసారి మేనేజరు వచ్చి చప్పుడు ఎక్కువైందని ఫిర్యాదు చేశాడు. చప్పుడు లేని ఆటకు చప్పుడు ఫిర్యాదా అని అందరం నవ్వితే, పెర్కా మాత్రం అతని పెదాల వంక చూసి, కింద నేల నీది అయితే పైన కాళ్ళు మావి అంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, అటువంటి మనిషి కోలోలోంచి పోయే పనికి మేమంతా చేతులెత్తాం. నేనూ ఎత్తాను.

ఈ ఏడు వసంతంలో స్ప్లిట్ పట్నం నుంచి వెద్రాన్ అనే నృత్య దర్శకుడు వచ్చాడు. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉన్న మనవాళ్ళ సంఘం పెద్ద ఉత్సవం చేస్తోందట, మూడు వేలమంది పట్టే హాలట, మా కోలోను తీసుకెళ్ళడానికి ఎంచుకున్నాడట. మేం ఎగిరి గంతేశాం. నేను మా రాజధాని జాగ్రెబ్ దాటి ఎరగను, ఆ వారమే పెట్టె కొన్నాను. వెద్రాన్ చెడ్డవాడేమీ కాదు, కష్టపడేవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. కానీ మొదటి రోజు మా ఆట చూసి గడ్డం గోక్కున్నాడు. పది నిమిషాలు చప్పుడు లేకుండా ఉంటే అక్కడివాళ్ళు మైకు పాడైందనుకుంటారన్నాడు. వెనకాల అకార్డియన్ పాట ఒకటి వేద్దాం, మధ్యలో ఆడవాళ్ళు చేతులు వదిలేసి విడిగా తిరిగే భాగం పెడదాం అన్నాడు.

పెర్కా పంటి డాక్టరు దగ్గరికి పోయిన రోజున మేమంతా చేతులెత్తి దీనికి ఒప్పుకున్నాం. కావాలని ఆ రోజు చూసుకోలేదని ఎంతమందికి చెప్పుకున్నా నాకే నమ్మకం కుదరదు. తర్వాతి సాధనకు ఆమె వచ్చింది. చేతులు పట్టుకున్నంతసేపూ మా అందరికంటే బాగా ఆడింది. చేతులు వదిలే భాగం రాగానే ఆమెకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మేం పాటను బట్టి తిరిగాం, ఆమె మా కాళ్ళు చూసి తిరిగింది, ప్రతిసారీ ఒక అడుగు వెనకబడింది. వెద్రాన్ ఫ్రానేను పక్కకు పిలిచి, ఆమె లేకుండా పన్నెండుమంది చాలన్నాడు. ఫ్రానే నీళ్ళు నమిలాడు. ఆ నమలడాన్నే వెద్రాన్ ఒప్పుకోలు కింద రాసుకున్నాడు.

ఇక పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఫ్రానే మా ఇంటికొచ్చి, రెండు గ్లాసుల ద్రాక్ష సారా తాగి, నువ్వు చెప్పవా లుత్సా అని నా కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. నేను వెళ్ళాను. పెర్కా గుమ్మంలో కూర్చుని కాసులపేరును వెనిగరు, బూడిదతో తోముతోంది. నేను తల వంచుకుని మొదలుపెట్టాను.

“తలెత్తి చెప్పవే,” అంది. “అట్టా వంచుకుని చెబితే నీ నెత్తి మీద నెరిసిన జుట్టు తప్ప నాకేం కనపడుద్ది?”

తలెత్తి చెప్పాను. పాట గురించి, చేతులు వదిలే భాగం గురించి, పన్నెండుమంది గురించి. ఆమె తోమడం ఆపలేదు.

“ఫ్రానే ఏమన్నాడు?”

“ఏం అనలేదు.”

“ఒప్పుకున్నాడన్నమాట.” ఒక కాసును ఎండకు పెట్టి చూసింది. “చెముడు నా చెవులకేనే. కాళ్ళకు లేదు. పోయి ఆ మాట వాళ్ళకి చెప్పు.”

నేను చెప్పలేదు. చెప్పే మొహం లేదు. మూడు రోజులు ఆమె ఫ్రానేకు వంట చేయలేదు, వాడు మా ఇంట్లో రొట్టె, జున్ను తిని పోయేవాడు. సారా కొట్టు దగ్గర కూర్చునే బద్ధకస్తులకు ఇదో వినోదమైంది. చెవిటిదాని ముందు అకార్డియన్ వాయించినట్టుంది మీ కోలో అని మమ్మల్ని ఏడిపించేవాళ్ళు. ఫ్రానే వినీ విననట్టు పోయేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. వాళ్ళ మీదో, నా మీదో తెలిసేది కాదు.

పునీత రోకు పండగ వచ్చింది. ఆగస్టు పదహారు, రాళ్ళు పగిలే ఎండ. పూజ అయ్యాక చర్చి ముంగిట్లో జర్మనీ ఆటను చివరిసారి చూసుకుంటానని వెద్రాన్ తెల్ల కారులో మైకు పెట్టె వేసుకుని వచ్చాడు. ఊరంతా చుట్టూ చేరింది. అవతల చెట్ల కింద ఇనప చువ్వల మీద గొర్రెపిల్లలు కాలుతున్నాయి. మేం పన్నెండుమందిమీ గుండ్రంగా నిలబడ్డాం. నా ఎడమ చెయ్యి ఫ్రానే చేతిలో ఉంది. పాట మొదలైంది.

అప్పుడు చర్చి తలుపులోంచి పెర్కా బయటికొచ్చింది. ఎర్ర టోపీ, ఉన్ని కోటు, నడుముకు చుట్టిన నేత పట్టీ, తోమి తళతళలాడుతున్న కాసులపేరు. తొందర లేదు. నేరుగా వచ్చి నాకూ ఫ్రానేకూ మధ్య, మా చేతుల మీద తన చెయ్యి పెట్టి నిలబడింది.

మా ఊళ్ళో చర్చి ముంగిట ఆడే కోలో ఎవరి సొత్తూ కాదు. వచ్చి చెయ్యి పెట్టినవాడికి దారివ్వాలి. పగవాడైనా ఇవ్వాలి. కోలో విడిపోయేదాకా వాణ్ణి ఎవరూ బయటికి లాగకూడదు. స్టేజీ మీద ఈ పద్ధతి ఉండదు, కానీ వెద్రాన్ మమ్మల్ని స్టేజీ మీద నిలబెట్టలేదు, మా తాతలు తొక్కిన మట్టి మీద నిలబెట్టాడు. ఆ సంగతి అతనికి తెలియదు, పెర్కాకు తెలుసు. నేను ఫ్రానే చెయ్యి వదిలాను. ధైర్యం వచ్చి కాదు, ఊరంతా చూస్తోందని వదిలాను. ఆమె మధ్యలోకి వచ్చి మా ఇద్దరి చేతులూ అందుకుంది.

వెద్రాన్ చేతులూపుతూ ఏదో అంటున్నాడు. మేం ఆడుతున్నాం. చేతులు వదిలే చోటు దగ్గరపడింది. పాట అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, అదే గుర్తు. ఆగింది. ఎదుటివాళ్ళు చేతులు వదిలారు. నేనూ వదలబోయాను. ఆమె వదలనివ్వలేదు. ఉంగరం వేలిలోకి దిగేంత గట్టిగా పట్టుకుంది. అటు ఫ్రానే చెయ్యీ అంతే. అలా పట్టుకుని నేల మీద ఒక్క తాపు తన్నింది, ఆ అదురు నా మోకాలిదాకా వచ్చింది. ఫ్రానే ఆమె వంక చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. తర్వాత అడుగు మార్చాడు. అది వెద్రాన్ నేర్పిన అడుగు కాదు, కుర్రతనంలో వేసిన మెలిక అడుగు. ఆమె అందుకుంది. నేనూ అందుకోక తప్పింది కాదు. ఎదుటివాళ్ళు విడిగా తిరుగుతూ తిరుగుతూ బిక్కమొహాలు వేసి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మళ్ళీ చేతులు కలిపారు.

అకార్డియన్ దారి అకార్డియన్‌దే, మా దారి మాదే. కాసేపటికి ఆ పాట పెళ్ళివారు లేచిపోయాక ఇంకా కూర్చున్న పిలవని చుట్టంలా అనిపించింది. వెద్రాన్ దాన్ని తనే ఆపేశాడు. ఆ తర్వాత కాళ్ళే. పదమూడుమంది కాళ్ళు. చెట్ల కింద చువ్వలు తిప్పేవాళ్ళు తిప్పడం మానేసి చూశారు. సారా కొట్టు బద్ధకస్తులు కూడా లేచి ముందుకొచ్చారు. ఊపిరి అందకుండా పోయేదాకా ఆడి ఆగాం.

వెద్రాన్ కళ్ళలో నీళ్ళున్నాయి. ఉన్నవి ఉన్నాయని చెప్పాలి. నేరుగా పెర్కా దగ్గరికొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, పెదాలు సాగదీసి నెమ్మదిగా మాట్లాడాడు. తను పొరపడ్డానన్నాడు. ఇక పాట వద్దన్నాడు, చేతులు వదలడం వద్దన్నాడు, ఆమె కూడా రావాలన్నాడు. నేను అక్కడే కూలబడి ఏడుద్దామనుకున్నాను, సంతోషంతో. ఫ్రానే శిలువ గుర్తు వేసుకున్నాడు. వెద్రాన్ అంతటితో ఆగలేదు. ఆట మొదలయ్యే ముందు తను మైకులో రెండు మాటలు చెబుతానన్నాడు.

“వినికిడి లేని ఒక అమ్మ కోసం ఆమె తోటివాళ్ళు సంగీతాన్నే వదులుకున్నారు అని చెబుతానమ్మా. అప్పుడు ఆ నిశ్శబ్దం ఎందుకో అందరికీ అర్థమవుతుంది. హాలు హాలంతా లేచి నిలబడుతుంది.”

పెర్కా మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాడు. ఆమెకు మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు. దవడ బిగుసుకోవడం చూశాను, అది మంచి సూచన కాదు. నువ్వు ఊరుకోవే తల్లీ అని లోపల్లోపల మొక్కుకున్నాను. ఆమె కావాలన్నది అంతా దొరికింది. కోలోలో చోటు దొరికింది, పాట పోయింది, నా పెట్టెకూ పని దొరికింది. అతను ఒక్క మాట చెప్పుకుంటే ఏం పోతుంది అనిపించింది నాకు.

ఆమె తన చేతులు విడిపించుకుంది.

“బాబూ, నా చెవులు పోయి ముప్పై ఏళ్ళు. మిల్లులో పోయినాయి. ఈ ఆట నోరు మూసుకుంది నా కోసం కాదు.” చర్చి పక్కన సమాధుల వైపు చెయ్యి చూపింది. “అక్కడ పడుకుందే మా అమ్మమ్మ, ఎలక నడిచినా వినపడేది ఆవిడకి. ఆవిడా ఇట్టాగే ఆడింది. చెవిటిదాని మీద జాలిపడి వీళ్ళు పాట మానుకున్నారని నువ్వు అక్కడ చెబితే, వాళ్ళందరి ఆటా నా రోగం కింద జమైపోద్ది. నన్ను తీసేస్తానంటే వచ్చి నిలబడ్డా. నన్ను చూపించి కోలోని తీసేస్తానంటే నేనే రాను.”

వెద్రాన్ నొచ్చుకున్నాడు. తను గౌరవించబోతే ఇలా అంటుందేమిటని నిజంగానే బాధపడ్డాడు. తర్వాత ఫ్రానే వైపు తిరిగాడు. మూడు వేలమంది ముందు కారణం చెప్పకుండా పది నిమిషాల నిశ్శబ్దం పెట్టలేనన్నాడు. పాటైనా ఉండాలి, ఈ మాటైనా ఉండాలి, మూడో దారి లేదన్నాడు. సంఘంవాళ్ళకు పంపే కాగితం జేబులోంచి తీసి, కారు మీద పెట్టి, ఆ వాక్యం తనే రాసి, సంతకం చెయ్యమని ఫ్రానే చేతికి కలం ఇచ్చాడు. వెద్రాన్ మెడలో టై ఆ ఎండలో కూడా వదులు కాలేదు.

ఫ్రానే ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. పెర్కా అతని దగ్గరికి పోలేదు, బతిమాలలేదు, కళ్ళు ఉరిమి చూడలేదు. అతని పెదాలు కనపడే చోట నిలబడింది, అంతే. ఈ మనిషి నలభై ఏళ్ళలో ఒక ఆఫీసరుకు కాదని చెప్పగా నేను వినలేదు. అందుకే సంతకం అయిపోయినట్టే లెక్క వేసుకున్నాను, సిగ్గు లేకుండా ఊపిరి కూడా పీల్చుకున్నాను.

“సారూ,” అన్నాడు ఫ్రానే. “నా చెవులు బాగానే పనిచేస్తాయండి. మీ పాట శుభ్రంగా వినపడింది. నాకే వద్దు.”

కాగితం మీద ఆ వాక్యం కొట్టేశాడు. గీత వంకరపోయింది. మిగతాది అలాగే ఉంచి కింద సంతకం పెట్టాడు. రమ్మంటే ఇలాగే వస్తాం అని తిరిగి ఇచ్చేశాడు. వెద్రాన్ మా అందరి వంకా చూశాడు. మీరైనా చెప్పండి అన్నట్టు చూశాడు. ముఖ్యంగా నా వంక, ఎందుకంటే పెట్టె సంగతి నేనే అతనితో పదిసార్లు చెప్పి ఉన్నాను.

నాకు స్టుట్‌గార్ట్ చూడాలని ఉంది. ఇప్పటికీ ఉంది. అది దాచుకోవలసిన అవసరం నాకు లేదు. కానీ ఆ రోజు పంటి డాక్టరు మాటున చెయ్యెత్తినదాన్ని నేను, రెండోసారి చాటు దొరకలేదు.

“నాకూ వినపడుద్ది సారూ,” అన్నాను. “నాకూ వద్దు.”

తర్వాత నా పక్కవాడు అన్నాడు. వాడి పక్కది అంది. వరసగా అందరూ అన్నారు, ఒకడు తప్ప, వాడు ఏడుస్తూ తలూపాడు. పెర్కా ఒక్కొక్కరి పెదాల మీదుగా చూపు కదుపుతూ చివరిదాకా చదివింది. మెచ్చుకోలేదు. థాంక్స్ చెప్పలేదు. నిలబడ్డారేం, మాంసం మాడిపోతోంది, ఒక ఆట ఆడి తిందాం రండి అంది.

మళ్ళీ చేతులు పట్టుకున్నాం. ఈసారి మొదటి అడుగు ఫ్రానే వేశాడు. మేం రెండో చుట్టులో ఉండగా వెద్రాన్ కారు తలుపు వేసిన చప్పుడైంది, ఇంజను మొదలైంది, గులకరాళ్ళ మీద చక్రాలు కదిలి రోడ్డెక్కాయి. చెవులున్న పన్నెండుమందికీ అది స్పష్టంగా వినపడింది. ఒక్కరూ తల తిప్పలేదు.